కనీస నిల్వ, గరిష్ఠ వడ్డన

పార్లమెంటులో పెద్ద విషయాలు తరచు చిన్న జవాబులలో దాగి ఉంటాయి. మంత్రులు లిఖితపూర్వకంగా సభ ముందుంచే సమాధానాలను సభ్యులలో చదివేవారు తక్కువ. పత్రికలు సైతం వాటిని లోపలి పుటలో నాలుగు పంక్తులతో సరిపెడతాయి. 2024 జులైలో ఆర్థికశాఖ సహాయమంత్రి పంకజ్ చౌధరి లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ఆ కోవలోనిదే. పొదుపు ఖాతాలలో కనీస నిల్వ ఉంచలేకపోయిన వారి నుంచి ప్రభుత్వరంగ బ్యాంకులు 2019-20 మొదలు అయిదు ఆర్థిక సంవత్సరాలలో వసూలు చేసిన జరిమానా దాదాపు 8,500 కోట్ల రూపాయలని ఆ సమాధానం చెబుతున్నది. అంతకు ముందు ఏడాది, 2023 ఆగస్టులో, రాజ్యసభకు అందిన లెక్క ఇంకా పెద్దది. ప్రభుత్వరంగ బ్యాంకులు, అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి 2018 నుంచి ఈ ఒక్క పద్దు కింద 21 వేల కోట్లకు పైగా రాబట్టాయి. ఎ.టి.ఎం.ను పరిమితికి మించి వాడినందుకు 8 వేల కోట్లు, ఎస్.ఎం.ఎస్.లు పంపినందుకు 6 వేల కోట్లు దీనికి అదనం. మొత్తం 35 వేల కోట్లు దాటింది.

డబ్బు ఉన్నవాడు దానిని దాచుకున్నందుకు వడ్డీ పుచ్చుకుంటాడు. డబ్బు లేనివాడు లేనందుకు జరిమానా కడతాడు. బ్యాంకింగు పరిభాష ఎంత గంభీరంగా ఉన్నా, ఈ వ్యవహారంలో జరుగుతున్నది ఇదే. మన దేశంలో సామాన్యుడికి బ్రిటన్‌లో వలె ఖాతాలో లేని సొమ్మును వాడుకునే ఓవర్‌డ్రాఫ్టు సౌకర్యం సాధారణంగా ఉండదు. కాని అతడు అడగకుండానే, ఒక్క రూపాయి వాడుకోకుండానే, రుసుముల పేరిట అతని ఖాతా సున్నా కిందికి దిగిపోతుంది. అప్పు తీసుకోనివాడు అప్పుపడతాడు.

ఇందులో నియమం లేదనుకుంటే పొరపాటు. రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఒక సర్క్యులర్ జారీచేసింది. అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నిల్వ తగ్గినప్పుడు బ్యాంకు ముందుగా ఖాతాదారుకు స్పష్టంగా తెలియజేయాలి. తెలియజేసిన నాటి నుంచి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. ఆ తరువాతనే జరిమానా. అదికూడా తగ్గిన మొత్తానికి అనులోమంగా ఉండాలి తప్ప, వంద తగ్గినా వెయ్యి తగ్గినా ఒకటే దెబ్బ పడరాదు. సేవకయ్యే సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండరాదు. అన్నిటికన్న ముఖ్యమైన నిబంధన చివరిది: కేవలం జరిమానా విధించిన కారణంగా పొదుపు ఖాతాలోని నిల్వ సున్నా కంటె దిగజారరాదు. లావాదేవీలు లేక మూలపడిన ఖాతాలపై ఈ జరిమానా పనికిరాదని అదే ఏడాది మే నెలలోనే చెప్పిన రిజర్వు బ్యాంకు, 2024 జనవరిలో మరొకసారి అదే మాటను రూఢిపరచింది.

ఇంత స్పష్టమైన నిబంధనలు ఉండగా ఫిర్యాదులకు ఆస్కారమెక్కడ అని ఢిల్లీ అధికారులు అడుగుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత వారు విని ఉండరు.

నాకు తెలిసిన తెలుగువాడొకడు కరోల్‌బాగ్‌లోని ఒక భోజనశాలలో వంటపని చేస్తాడు. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి పదేళ్లు దాటింది. అంతకు మునుపు పనిచేసిన చోట యజమాని జీతాల కోసం ఒక బ్యాంకులో ఖాతా తెరిపించాడు. జీతం పడుతున్నంతకాలం దానికి కనీస నిల్వ నిబంధన లేదు. ఉద్యోగం మానిన కొన్ని నెలలకు అది మామూలు ఖాతాగా మారిపోయింది. మారిన సంగతి అతనికి తెలియదు. మూడు నెలలకొకసారి కోత పడుతూ, ఉన్న కొద్దిపాటి సొమ్ము హరించుకుపోయి, లెక్క సున్నా కిందికి దాదాపు రెండువేల వరకు దిగింది. ఇంటినుంచి ఎవరో పాత నంబరుకే డబ్బు పంపగా, ముందు ఆ లోటును పూడ్చుకుని, మిగిలినదే బ్యాంకు అతనికి చూపింది. అడగబోతే మేనేజరు ఇచ్చిన సమాధానం ఒక్కటే: “కంప్యూటరు దానంతటదే కోసుకుంటుంది, మా చేతుల్లో ఏమీ లేదు.”

అతని కోరికపై నేను ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. అందులో ఆవేశం లేదు, మూడు ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి. నిల్వ తగ్గినదని ఏ తేదీన, ఏ విధంగా తెలియజేశారు? తెలియజేసిన పిమ్మట నెల గడువు ఇచ్చారా? ఖాతా సున్నా కిందికి పోవడం ఏ నిబంధన ప్రకారం జరిగింది? ఉత్తరం అందినట్లు ముద్ర వేయించుకొమ్మని చెప్పాను. నెల తిరగకముందే సొమ్ము, దానిపై విధించిన వస్తు సేవల పన్నుతో సహా, ఖాతాలో జమ అయింది. ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు.

ఇందులో సంతోషించవలసినదానికన్న ఆలోచించవలసినదే ఎక్కువ. అడిగినవాడికి సొమ్ము తిరిగి వచ్చిందంటే, తీసుకోవడం తప్పని బ్యాంకుకు తెలుసునన్నమాట. అదే శాఖలో అదే కంప్యూటరు అదే విధంగా కోసిన మిగతా ఖాతాల సంగతి ఏమిటి? ఉత్తరం రాయించుకోవడానికి తెలిసినవారు దొరకని వారి సొమ్ము ఎవరిది? ఒక్కొక్కరి నష్టం రెండు మూడు వందలు. దానికోసం ఒకరోజు కూలి పోగొట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగేవారుండరు. ఆ తిరగకపోవడం మీదనే ఈ కోట్ల లెక్క నిలిచి ఉన్నది.

బ్యాంకుల వాదనను సైతం న్యాయంగా వినవలసి ఉంటుంది. భారతీయ స్టేట్ బ్యాంకు అయిదేళ్ల విరామం తరువాత 2017 ఏప్రిల్‌లో కనీస నిల్వ జరిమానాను పునరుద్ధరించినప్పుడు, జన్‌ధన్ ఖాతాల నిర్వహణ తమపై పెద్ద భారమనీ, దానికి ఎక్కడినుంచో సొమ్ము సమకూర్చుకోక తప్పదనీ నాటి అధ్యక్షురాలు అరుంధతీ భట్టాచార్య చెప్పారు. ఖాతా నడపడానికి ఖర్చవుతుందన్న మాటలో అసత్యం లేదు. కాని ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న. జన్‌ధన్ ఖాతాకు ఈ జరిమానా లేదు. ధనికుడికి దాని అవసరమే రాదు. మధ్యనున్నవాడు, అంటే నెలాఖరుకు చెయ్యి ఖాళీ అయ్యే గుమాస్తా, పింఛనుదారు, చదువుకునే పిల్లవాడు, ఊరుగాని ఊరిలో పనిచేసే కార్మికుడు, పేదవాడి ఖాతా ఖర్చును మోయవలసి వస్తున్నది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు వరకు స్టేట్ బ్యాంకుకు ఈ జరిమానాల మీద వచ్చిన ఆదాయం 1,771 కోట్ల రూపాయలు. జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకు ఆర్జించిన నికర లాభం 1,581 కోట్లు. ఎనిమిది నెలల జరిమానా మూడు నెలల లాభాన్ని మించిన తరువాత, దానిని ఖర్చుల కోసం వేసిన రుసుమని ఎవరు నమ్ముతారు? విమర్శలు చెలరేగగా బ్యాంకు రేట్లను రెండు విడతలుగా తగ్గించి, చివరకు 2020 మార్చిలో పూర్తిగా ఎత్తివేసింది. అలా ఎత్తివేసినందువల్ల స్టేట్ బ్యాంకు కూలిపోలేదు.

1969 జులై 19న ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు చెప్పిన ధ్యేయం సామాన్యుడి ముంగిటికి బ్యాంకును తీసుకుపోవడం. 1980లో మరి ఆరు బ్యాంకులు ఆ వరుసలో చేరాయి. వాటిలో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కోల్పోయింది. పేర్లు పోవచ్చు, ధ్యేయం పోరాదు. ముంగిటికి వచ్చిన బ్యాంకు గడప దాటి లోపలికి వచ్చి డబ్బీలోని చిల్లర తీసుకుపోతే, దానిని సేవ అనలేము.

ఈ వ్యవహారంలో బ్రిటన్ అనుభవం గమనించదగినది. అక్కడ అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్టుపై బ్యాంకులు వేసిన భారీ రుసుములను తిరిగి ఇమ్మని లక్షలాది ఖాతాదారులు కోరారు. ఎందరికో డబ్బు తిరిగి వచ్చింది. చివరకు వ్యాపార న్యాయవర్తన పర్యవేక్షణ కార్యాలయం వేసిన దావాలో 2009 నవంబరు 25న అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ రుసుములు సేవకు చెల్లించే ధరలో భాగమేననీ, ఆ ధర తగినదా కాదా అని ఆ నిబంధనల కింద విచారించడానికి వీలులేదనీ తేల్చింది. దానితో వ్యక్తుల దరఖాస్తులు వీగిపోయాయి. పదేళ్ల తరువాత, 2020 ఏప్రిల్ నుంచి, నియంత్రణ సంస్థ కొత్త నిబంధనలు తెచ్చి అటువంటి ఓవర్‌డ్రాఫ్టుకు అనుమతి ఉన్నదానికన్న ఎక్కువ వసూలు చేయరాదని శాసించినప్పుడుగాని సమస్య ఒక కొలిక్కి రాలేదు. ఒక్కొక్కరుగా చేసే పోరాటం దారి చూపగలదు, కాని గమ్యం చేర్చేది నియంత్రణాధికారి ఉత్తరువే.

మన దేశంలో కూడా అందుకు ఒక నిదర్శనం ఉన్నది. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాలలో, జన్‌ధన్ ఖాతాలతో సహా, నెలకు నాలుగు మించిన ప్రతి డిజిటల్ చెల్లింపుపై స్టేట్ బ్యాంకు 17 రూపాయల 70 పైసల చొప్పున వసూలు చేస్తూ వచ్చింది. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆశిష్ దాస్ ఈ విషయాన్ని లెక్కలతో బయటపెట్టారు. 2020 జనవరి 1 నుంచి రూపే, యు.పి.ఐ. చెల్లింపులపై తీసుకున్న రుసుములను తిరిగి ఇవ్వవలసిందిగా కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది ఆగస్టు 30న బ్యాంకులకు సూచించింది. స్టేట్ బ్యాంకు సుమారు 90 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించింది. ఇంకా 164 కోట్లు మిగిలి ఉన్నదని ఆయన నివేదిక 2021లో లెక్కగట్టింది. అది అసంపూర్ణమే కావచ్చు. అయినా పై నుంచి ఒక్క సూచన వస్తే కోట్ల రూపాయలు వెనక్కి రాగలవని రుజువైంది.

2025లో గాలి కొంత మారింది. జూన్ నుంచి కెనరా బ్యాంకు, జులై నుంచి పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంకు మొదలైనవి ఈ జరిమానాను ఎత్తివేశాయి. అదే ఆగస్టులో ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వను 50 వేలకు పెంచి, నిరసన రేగగానే 15 వేలకు దించింది. నిల్వ ఎంత ఉండాలన్నది బ్యాంకుల ఇష్టమని రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా తేల్చిచెప్పారు. ఎంత ఉండాలన్నది వారి ఇష్టమే అనుకుందాం. ఎలా కోయాలన్నది మాత్రం వారి ఇష్టం కాదు. పైగా ఎత్తివేత ముందునాళ్లకే వర్తిస్తుంది. నిబంధనలకు విరుద్ధంగా గతంలో తీసుకున్నదాని మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఆ మాట ఖాతాదారే ఎత్తాలి. మార్గం కష్టమైనది కాదు. ఖాతా వివరాల పట్టీ తీయించి కోతలు గుర్తించాలి. శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు పుచ్చుకోవాలి. ముప్పయి రోజులలో సమాధానం రాకున్నా, వచ్చినది తృప్తికరంగా లేకున్నా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 2021 నవంబరులో ఈ వ్యవస్థను ఏకీకృతం చేసినప్పుడు చండీగఢ్‌లో నెలకొల్పిన కేంద్రానికి ఏ భాషలోనైనా ఉత్తరం రాసుకునే వెసులుబాటు కల్పించారు. కనుక తెలుగులోనే రాయవచ్చు. నిల్వ పరిమితి ఎక్కువగా ఉన్నదని వాదిస్తే, అది బ్యాంకు వ్యాపార నిర్ణయమంటూ తోసిపుచ్చుతారు. ముందుగా తెలియజేయలేదని, గడువు ఇవ్వలేదని, ఖాతాను సున్నా కిందికి దించారని రాస్తే కాదనడం కష్టం. అక్కడా న్యాయం జరగకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 చట్టం ప్రకారం ఖాతాదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

అయితే దేశంలోని కోట్లాది ఖాతాదారులు కోట్లాది ఉత్తరాలు రాయాలని ఆశించడం పరిపాలన అనిపించుకోదు. జరిమానా మూలంగా సున్నా కిందికి దిగిన ఖాతాలెన్నో ప్రతి బ్యాంకు కంప్యూటరు ఒక్క పూటలో చెప్పగలదు. సంసద్ మార్గ్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికీ పార్లమెంటు భవనానికీ మధ్య దూరం ఎంతో లేదు. వచ్చే సమావేశాలలో మన సభ్యులెవరైనా జరిమానా ఎంత వసూలైనదని కాక, నిబంధనలకు విరుద్ధంగా వసూలైనది ఎంత, దానిలో అడగకుండా తిరిగి ఇచ్చినది ఎంత అని ప్రశ్న వేయాలి. ఆ జవాబు ఎంత చిన్నదైనా, దానిని మొదటి పుటలో వేయడానికి పత్రికలు సిద్ధంగా ఉండాలి.