శిశుసంరక్షణము: చేతిమీది పుండును, ఇంటిలోని దగ్గును



రోహిణియందే మక్కువ చూపినందున దక్షుడు చంద్రుని క్షయరోగివి కమ్మని శపించెనని పురాణములు చెప్పుచున్నవి. చంద్రుడు పక్షము దినములు క్షీణించినను మరల పూర్ణుడగును. మన యింటి చందమామలకు అట్టి వరము లేదు. క్షయ పసిబిడ్డల మెదడు పొరలకు సోకినచో ప్రాణము నిలుచుట కష్టము. నిలిచినను చూపో, వినికిడియో, తెలివియో చెడవచ్చును. ఈ కీడును చాలవరకు తప్పించుటకే పుట్టిన వెంటనే బిడ్డ యెడమ భుజమున బి.సి.జి. టీకా వేయుదురు.

గత మాసమున మా వీథిలోని యొక కోడలు నెలన్నర పసివాని నెత్తుకొని కన్నీళ్లతో మా యింటికి వచ్చినది. బిడ్డ భుజముమీద శనగగింజంత పొక్కు లేచి చీము పట్టియుండెను. దానిపై పసుపుముద్ద పెట్టి గుడ్డ కట్టియుండిరి. "అక్కయ్యగారూ, లేని రోగమును సూదితో నెక్కించినారని మా అత్తగారు మండిపడుచున్నారు. ఇకమీదట ఏ టీకాయు వేయింపవద్దని మా వారితో ఖండితముగా చెప్పినారు" అని యామె వాపోయినది. పొక్కు లేచునని టీకా వేసిన చోట నెవరును ముందుగా చెప్పలేదట. ఆ పెద్దామెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. మా పెద్దబిడ్డకు ఇట్లే లేచినపుడు మేమును మూడు దినములు ఆకుపసరు పూసినవారమే.

కావున ఈ సంగతి ప్రతి తల్లియు ముందుగా తెలిసికొనవలెను. టీకా వేసిన రెండు మొదలు ఆరు వారములలో అచ్చట పొక్కు లేచును. అది పగిలి చిన్న పుండై, రెండు మూడు నెలలలో తనంత తానే మాని మచ్చ నిలుచును. ఇది రోగము గాదు; బిడ్డ శరీరము క్షయక్రిమిని గుర్తించుట నేర్చుకొనుచున్న జాడ. పసుపు, పసరు, లేపనము, కట్టు, ఏదియు వలదు. పిండరాదు. స్నానము మానిపింప నక్కరలేదు. మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో నద్ది, గాలి తగులనిచ్చిన చాలును. చంకలో బిళ్ళ కట్టి పెరిగినను, పుండు మూడు నెలలు దాటి మానకున్నను వైద్యునకు చూపవలెను. మచ్చ పడలేదని మరల వేయింపవలసిన పని లేదు.

మరి "లేని రోగమును ఎక్కించుట" యను మాట నిజమా? ఫ్రాన్సు దేశమున కాల్మెట్, గెరిన్ అను నిరువురు పండితులు 1908 మొదలు 13 సంవత్సరములు పశుక్షయక్రిమిని 230 మార్లు మార్చి మార్చి పెంచి, దాని క్రూరత్వమును పోగొట్టిరి. 1921లో పారిస్ నగరమున నొక పసికందుకు దీనిని మొదటిసారి ఇచ్చిరి. ఆ బిడ్డ తల్లి క్షయతోనే మరణించినది. పెంచవలసిన అమ్మమ్మయు క్షయరోగియే. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణమున టీకా పొందిన బిడ్డలలో 70 మందికి పైగా మరణించిన మాటయు దాచరాదు. అచ్చట మందు తయారుచేయునపుడు నిజమైన క్షయక్రిమి అందు కలిసిపోవుటయే కారణమని, టీకా దోషము కాదని విచారణలో తేలినది. మన దేశమున ఈ టీకా మొదట వేయబడినది 1948లో, మన మదనపల్లెలోనే.

అయినను ఈ టీకాకు ఒక హద్దు కలదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన పెద్ద పరిశోధనలో, పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఇది ఆపజాలదని తెలిసినది. టీకా బిడ్డకు కవచమే గాని యింటికి కోటగోడ గాదు.

ఈ మాటలే చెప్పుటకు మేము ఆ కోడలి యింటికి వెళ్లితిమి. మాట నడుమ ఆమె అత్తగారు కొంగు నోటి కడ్డము పెట్టుకొని రెండుమార్లు దగ్గిరి. "ఎన్నాళ్లనుండి, పిన్నిగారూ?" అంటిమి. "నెల దాటినదమ్మా, చలిగాలి దగ్గులే" అనిరి. మనుమని ఒడిలో పెట్టుకొని దగ్గుచున్నారు! రెండు వారములు దాటిన దగ్గునకు కళ్లె పరీక్ష తప్పదని బతిమాలి ఆసుపత్రికి పంపితిమి. క్షయ యని తేలినది. సర్కారువారు ఉచితముగా నిచ్చు మందును ఆమె యిప్పుడు తప్పక పుచ్చుకొనుచున్నారు. ఆరు నెలలు నడుమ మానరాదు. పిల్లవానికి రోగము లేదని నిర్ధారించి, రాకుండుటకు వానికిని మందిచ్చుచున్నారు. మొన్న ఆమె మాతో, "దానంతటది మానెడు పుండుకు మందు పెట్టితినమ్మా, మందు లేక మానని దగ్గును దాచితిని" అనిరి.

పుట్టినప్పుడు టీకా తప్పినవారు బిడ్డ యేడాది నిండులోపల వేయింపవచ్చును. తల్లి క్షయకు గాని హెచ్.ఐ.వి.కి గాని మందు పుచ్చుకొనుచున్నచో టీకాకు ముందే వైద్యునకు చెప్పవలెను. క్షయకు మందు వాడుచున్నంత మాత్రమున చనుబాలు మాన్పరాదు; వైద్యుడు చెప్పిన జాగ్రత్తలతో ఇయ్యవచ్చును.

ఆ కోడలు నిన్న బిడ్డను తక్కిన టీకాలకు తీసికొనిపోయినది. వెంట వెళ్లుమని కొడుకును పంపినవారు ఆ అత్తగారే.