పంట కాలం వేరైతే పోటీ లేనట్టేనా?

భారత్, న్యూజిలాండ్ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2025 డిసెంబరులో కొలిక్కి వచ్చాయి. యాపిల్‌పై ఉన్న 50 శాతం దిగుమతి సుంకాన్ని కోటా మేరకు 25 శాతానికి తగ్గించడానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. హిమాచల్, కశ్మీర్ రైతులు ఆందోళన చెందుతుంటే, 'వాళ్ల పంట కాలం వేరు, మన పంట కాలం వేరు' అనే సమాధానం వినిపిస్తోంది. ఇందులో నిజం సగమే.

అక్కడ కోతలు ఫిబ్రవరి నుంచి మే దాకా, ఇక్కడ చాలావరకు ఆగస్టు నుంచి. చెట్టు దగ్గర చూస్తే పోటీ లేదు. కానీ మన కాయంతా దీపావళికే అమ్ముడుపోదు. పుల్వామా జిల్లా లాసీపొరాలోని సీఏ (నియంత్రిత వాతావరణ) గిడ్డంగుల్లో, ఆక్సిజన్ తగ్గించిన గదుల్లో కొంత నిల్వ ఉంటుంది. వేసవిలో ధర పలుకుతుందన్న ఆశతోనే రైతు గిడ్డంగి అద్దె భరిస్తాడు. సరిగ్గా అప్పుడే ఓడ దిగిన న్యూజిలాండ్ రాయల్ గాలా హైదరాబాద్ శివారు బాటసింగారం మార్కెట్లో ఆ నిల్వ కాయ పక్కకు చేరుతుంది. పోటీ జరిగేది తోటలో కాదు, గిడ్డంగి తలుపు దగ్గర.

న్యూజిలాండ్ యాపిల్‌లో సగానికి పైగా ఉత్తర దీవిలోని హాక్స్ బేదే. పడమటి కొండలు వానను అడ్డుకుంటాయి. నదులు తెచ్చి పరిచిన ఒండ్రు నేల హెరెటౌంగా మైదానం. 2023 ఫిబ్రవరిలో గాబ్రియేల్ తుపానుకు ఆ నదులే పొంగి తోటలను బురదలో ముంచాయి. దక్షిణ దీవిలోని నెల్సన్, మోటుయేకా ప్రాంతానిది రెండో స్థానం. కాయ కోసే చేతులు చాలావరకు వనువాటు, సమోవా, టోంగాల నుంచి సీజన్‌కు వచ్చే కూలీలవి.

అయితే మంచి నేల, తగినంత చలి చాలా దేశాలకు ఉన్నాయి. న్యూజిలాండ్ సంపాదించుకున్నది రకాలను. 1930లలో గ్రేటౌన్ తోటలో జె.హెచ్. కిడ్ చేసిన సంకరం నుంచి గాలా పుట్టింది. మోటుయేకా ప్రాంతంలో దానంతటదే మొలిచిన మొక్క బ్రేబర్న్ అయింది. గాలా ఇప్పుడు అందరిదీ. కశ్మీర్‌లోని కొత్త అధిక సాంద్రత తోటల్లోనూ అదే నాటుతున్నారు. ఆ అనుభవంతోనే కాబోలు, రాయల్ గాలా, బ్రేబర్న్‌ల సంతానమైన జాజ్, ఎన్వీలను మాత్రం హక్కుల కంచె వేసి పెంచారు. లైసెన్సు లేనిదే ఎవరూ వాటి అంట్లు కట్టడానికి లేదు.

తెలంగాణలోనూ యాపిల్ సాగు ప్రయత్నాలు లేకపోలేదు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో సీసీఎంబీ తోడ్పాటుతో యాపిల్ కాసింది. పేపర్లలో ఫొటోలు బాగానే వచ్చాయి. మార్కెట్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఒప్పందంలో యాపిల్ సాగుకు సాంకేతిక సహకారమూ ఉంది. కొమ్మల కత్తిరింపు, గ్రేడింగ్ నేర్పితే మేలే. కానీ సుంకం తగ్గించినందుకు మనం గట్టిగా అడగాల్సింది కొత్త రకాల అంట్లను, అవీ మన రైతు భరించగల రాయల్టీకి. సిమ్లా రైతు చేతికి ఎన్వీ మొక్క వస్తుందా, కాయ మాత్రమే వస్తుందా అన్నది ఒప్పందం అమలు పత్రాల్లోనే తేల్చుకోవాలి.