నీళ్లలో కరిగినంత మాత్రాన

మొన్న మా చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్. భోజనాలు అవుతుండగా నా ఎదుటి వరసలో ఒకాయన జేబులోంచి మాత్రల అట్ట తీసి రెండు బీకాంప్లెక్స్ గోలీలు నోట్లో వేసుకున్నారు. చదువుకున్న మనిషి, లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పక్కనే ఉన్న మా బాబాయికీ ఒకటి ఇవ్వబోయారు. "నాకేం జబ్బు లేదండీ" అన్నాడు బాబాయి. "జబ్బుకెందుకండీ, బలానికి! నీళ్లలో కరిగేదేగా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అన్నారాయన. ఇక నాకు ముద్ద దిగలేదు. ఈ మాట నమ్మే మా మేనత్త నడక పోగొట్టుకుంది.

అత్తకు షుగరు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఊళ్లో సూదులేసే ఆయన దగ్గరికి వెళ్తే, నరాల బలహీనత అని చెప్పి రోజుకో మాత్ర ఇచ్చాడు. తగ్గలేదంటే పొద్దునొకటి, రాత్రొకటి వేసుకోమన్నాడు. అలా రెండేళ్లు మింగింది. కాలి చెప్పు వాకిట్లోనే జారిపోయినా తెలియక వంటింటి దాకా వచ్చేసేది. చీకటి పడితే గోడ పట్టుకోందే అడుగు పడేది కాదు. చివరికి పట్నంలో నరాల డాక్టరుకు చూపిస్తే, ఆయన ముందుగా అడిగింది ఏం మాత్రలు వేసుకుంటున్నారనే. అట్ట వెనక్కి తిప్పి చూపించారు. పైరిడాక్సిన్, అంటే బీ6, ఒక్కో మాత్రలో 100 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. షుగరు చేసిన నష్టానికి ఈ మాత్ర తోడయిందని డాక్టరు చెప్పారు.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. రోజుకు 2 నుంచి 6 గ్రాముల బీ6 మింగిన ఏడుగురికి స్పర్శ తగ్గి, నడక తూలిపోయిందని 1983లోనే అమెరికా డాక్టర్లు రాశారు. అవి చాలా పెద్ద మోతాదులే. కానీ తక్కువ మోతాదు కూడా ఏళ్ల తరబడి వాడితే నరాలను దెబ్బతీయగలదని తర్వాత తేలింది. అమెరికాలో పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు హద్దు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన హద్దును 12కు దించింది. అంతా మూత్రంలోనే పోయేటట్టయితే ఆ ఏడుగురి నరాలు ఎందుకు చెడ్డాయి? దేనికని ఈ మాత్ర వేసుకుంటున్నామో, ఎక్కువైతే అదే తిమ్మిరిని ఈ మాత్రే తెస్తుంది. తగ్గలేదని ఇంకొకటి వేసుకుంటాం. ఇంతకన్నా ఘోరం ఏముంది?

అసలు నీళ్లలో కరిగేదంతా పోతుందన్న మాటే తప్పు. బీ12 కూడా నీళ్లలో కరిగేదే, దాన్ని కాలేయం ఏళ్ల తరబడి దాచుకుంటుంది. బీ12 లోటున్న వాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే పెద్ద మోతాదులో వాడితే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయి. నియాసిన్ ఎక్కువైతే కాలేయానికి చేటు. జుట్టు కోసం ఆడపిల్లలు మింగే బయోటిన్ థైరాయిడ్ పరీక్షనే కాదు, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తప్పుగా చూపించగలదని అమెరికా ఔషధ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

మాత్రల కన్నా నా కోపమంతా బలానికని ఎక్కించే సెలైన్ మీద. ఒళ్లు నీరసంగా ఉందని కూలికెళ్లే మనిషి వస్తాడు. బల్ల మీద పడుకోబెట్టి, సీసా వేలాడదీసి, అందులోకి చిన్న సూదితో బీకాంప్లెక్స్ మందు ఎక్కిస్తారు. సీసాలో నీళ్లు పసుపుపచ్చగా మారగానే ఆ మనిషి ముఖం విప్పారుతుంది, ఒంట్లోకి బలం వస్తోందని. ఆ పసుపు రైబోఫ్లావిన్ రంగు, అంతే. మర్నాడు మూత్రంలో కనిపించేదీ అదే. ఒక రోజు కూలి ఆ సీసాకే పోతుంది. ఆ నీరసం వెనక రక్తహీనత ఉందా, థైరాయిడ్ ఉందా, టీబీ ఉందా అని అడిగే నాథుడు లేడు. ఆర్నెల్ల తర్వాత దగ్గులో రక్తం పడితే అప్పుడు పెద్దాసుపత్రికి పరుగు. ఈ ఆలస్యం ఆ పసుపు నీళ్ల పుణ్యమే.

విటమిన్ల విలువ తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, 1945లో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. మిల్లు పట్టిన తెల్ల బియ్యం తిని కోస్తా జిల్లాల్లో జనం బెరిబెరి బారిన పడ్డారు. జొన్నన్నమే ఆధారమైన తెలంగాణ పేదలకు పెల్లాగ్రా వచ్చింది. దాని మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్త గోపాలన్ గారు పరిశోధించారు. వాళ్లందరికీ ఒంట్లో లోటుండేది, అందుకే ఆ విటమిన్ ప్రాణం నిలబెట్టింది. ఇవాళ కూడా గర్భం కోరుకునే ఆడవాళ్లకు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కావాలి. ఐసోనియాజిడ్ వాడే టీబీ రోగులకు డాక్టరు బీ6 రాస్తే అది అవసరమే, నా మాట విని ఎవరూ దాన్ని ఆపకూడదు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న వాళ్లూ, గుడ్డు కూడా తినని శాకాహారులూ బీ12 పరీక్ష చేయించుకోవాలి. చద్దన్నంలో బీ12 దొరుకుతుందనే ప్రచారం నమ్మి కూర్చోవద్దు.

ఏది లోటో చూసి, దాన్నే, చెప్పినన్నాళ్లే వాడాలి. ఇంతకు మించి నా దగ్గర మంత్రమేమీ లేదు.

మాత్ర ఆపిన ఎనిమిది నెలలకు అత్త గోడ పట్టుకోకుండా వాకిట్లోకి వస్తోంది. ఎడమ అరికాలికి మాత్రం ఇంకా స్పర్శ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఇవాళే తెరవండి. అట్ట వెనక పైరిడాక్సిన్ పక్కన ఎంత రాసి ఉందో చదవండి. పదులు, వందలు కనిపిస్తే, ఇది ఎందుకు, ఎన్నాళ్లు అని రాసిచ్చిన వాళ్లనే అడగండి.