కార్డు ఉంటే సరిపోదు, మస్టర్ ఉండాలె

పోయిన సెమిస్టర్లో ప్రాజెక్ట్ రివ్యూకు ఒక్కరోజు ముందు మా బ్యాచ్ సర్వర్ ఆగిపోయింది. చూస్తే డిస్క్ నిండిపోయింది. ఫస్ట్ ఇయర్ తమ్ముడొకడు లాగిన్ అయి, తన ప్రోగ్రాం నడిపి, ఆపకుండానే పోయిండు. అది రాత్రంతా లాగ్ ఫైల్ నింపుకుంటూనే ఉంది. అందరం వాణ్ని తిట్టినం. నేను కూడా తిట్టిన.

కానీ వాడు ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు. తన రోల్ నంబర్, తన పాస్‌వర్డ్ కొట్టిండు, సర్వర్ లోపలికి రానిచ్చింది. అంతే.

చాలా కాలేజీల్లో లాగిన్లన్నీ ఎల్‌డాప్ అనే సెంట్రల్ డైరెక్టరీలో ఉంటయి. 1993లో మిషిగాన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఒక్క పాస్‌వర్డ్‌తో అన్ని మిషన్లు వాడుకోవచ్చు, మంచిదే. కానీ డైరెక్టరీ చెప్పేది "ఈయన మనోడే" అని మాత్రమే. "ఈ మిషన్ మీద ఈయనకు పనుందా?" అనేది వేరే ప్రశ్న. మా సర్వర్‌ను డైరెక్టరీకి కలిపినప్పుడు ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణి కార్మికుడు. ఈ ముచ్చట చెప్తే నవ్విండు. "కంపెనీ కార్డు ఉందని ఏ బాయిలకు పడితే ఆ బాయిలకు దిగనిస్తరా? ఆ బాయిల మస్టర్ ఉండాలె" అన్నడు. నాకు కావాల్సిన జవాబు అదే.

లినక్స్‌లో ఆ మస్టరే గ్రూపు. డైరెక్టరీతో మాట్లాడే ఎస్ఎస్ఎస్‌డీలో యాక్సెస్ సెట్టింగ్ మనం ముట్టుకోకపోతే "పర్మిట్" అనే ఉంటది, అంటే అందరికీ సరే. దాన్ని "సింపుల్"కు మార్చి, అనుమతించే గ్రూపు పేరు రాస్తే చాలు. మార్చేటప్పుడు ఒక రూట్ సెషన్ తెరిచే ఉంచుకోవాలె, లేకపోతే మనమే బయట పడతం. తర్వాత గ్రూపులో లేని అకౌంట్‌తో కూడా ఒకసారి ప్రయత్నించాలె. మనకు లాగిన్ అవడం సగం పరీక్షే, వేరేవాళ్లకు కాకపోవడం మిగతా సగం.

"ఒక్కొక్కరి పేరు రాస్తే పోదా?" అంటరు కొందరు. బ్యాచ్ మారినప్పుడల్లా ప్రతి సర్వర్ మీద పేర్లు ఎవరు మారుస్తరు? గ్రూపైతే డైరెక్టరీలో ఒక్కచోట మారిస్తే అయిపోతది. కానీ ఆ గ్రూపుకు ఒక బాధ్యుడు ఉండాలె. సెమిస్టర్‌కు ఒకసారైనా లిస్టు చూడాలె. ఇంకోటి, గ్రూపులోంచి తీసేసినా అప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగిపోదు, దాన్ని విడిగా ఆపాలె.

జూనియర్లను తాళం వేసి దూరం పెట్టుమని నేను అంటలేను. వాళ్లు నేర్చుకోవాలంటే తప్పులు చేయాల్సిందే. అందుకు వాళ్లకో ప్రాక్టీస్ సర్వర్, దానికో గ్రూపు ఇద్దాం. పాడైతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటం.

ఆ తమ్ముడు ఇప్పటికీ ల్యాబ్‌లో నన్ను చూస్తే తల దించుకుంటడు. తలుపు తెరిచిపెట్టింది మేము, తిట్లు తిన్నది వాడు. వానికి నేను సారీ చెప్పాల్సి ఉంది.