సిలబస్‌లో లేని నవ్వు

గోవాడ నుంచి చోడవరం వెళ్లి డిగ్రీ చదువుకుంటున్న ఆ అమ్మాయి దగ్గర 'కన్యాశుల్కం' పేరుతో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి గురజాడ రాసిన నాటకం. రెండోది పరీక్షల ముందు కొన్న గైడు. గిరీశం పాత్ర చిత్రణ, మధురవాణి వ్యక్తిత్వం... గైడులో అన్నీ పాయింట్లే. 'నాటకంలో హాస్యం' అన్న జవాబును మూడు రోజులు బట్టీపట్టింది. ఒక్కసారీ నవ్వు రాలేదు.

విసుగొచ్చి ఓ రాత్రి అసలు పుస్తకం తీసింది. పరీక్ష తప్పిన వెంకటేశాన్నీ, వాడికి పాఠాలు మానేసి చుట్ట కాల్చడం నేర్పిన గిరీశాన్నీ చూసి ఫక్కున నవ్వింది. పక్క మంచం మీద నిద్రపట్టక దొర్లుతున్న నాన్నమ్మ, "ఏటే గుంటా, ఒక్కర్తివీ నవ్వుతున్నావు? ఏటుందో నాక్కూడా సదువు" అంది.

నాన్నమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా అర్థం చెప్పాల్సిన పని పెద్దగా పడలేదు. వందేళ్లు దాటిన ఆ మాటలు ఆమెకు ఇంట్లో మాటల్లాగే ఉన్నాయి. "ఓలమ్మో, ఎంత మాయగాడే!" అంటూ గిరీశాన్ని తిట్టుకుంటూ నవ్వింది. రోజుకు నాలుగు పేజీలు సాగాయి. సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఖాయం చేసే సంగతి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కాసేపటికి, "మా పెద్దమ్మనీ ఇలాగే ఓలి పుచ్చుకుని ముసలోడికి ఇచ్చీసినారే" అంది. ఆ సంగతి అంతవరకూ ఇంట్లో ఎవరికీ తెలీదు.

గురజాడ 1862లో పుట్టిన ఎస్.రాయవరం, గోవాడ... 2022 నుంచి రెండూ అనకాపల్లి జిల్లాలోనివే. కాలేజీ పిల్లలు గ్రాంథికంలోనే రాయాలన్న వాదనను కాదంటూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చింది ఆయనే. అలాంటి మనిషి నాటకాన్ని, ఎవరూ మాట్లాడని గైడు భాషలో అప్పజెప్పాల్సి రావడం ఆమెకు చిత్రంగా తోచింది.

అలాగని తరగతి చదువు దండగనుకోలేదు. సిలబస్‌లో లేకపోతే ఆ పుస్తకం ఆమె చేతికి వచ్చేదే కాదు. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించడానికి ఎన్ని కష్టాలు పడ్డారో లెక్చరర్ చెబితేనే, గిరీశం ఉపన్యాసాల్లోని డాబు తెలిసొచ్చింది. పాఠం పుస్తకాన్ని చేతికిచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చింది మాత్రం ఆ నవ్వే.

పరీక్షలో 'కన్యాశుల్కం - సాంఘిక ప్రయోజనం' ప్రశ్న వచ్చింది. గైడు పాయింట్లన్నీ రాసి, చివర్లో ఒక పేరా సొంతంగా చేర్చింది. ఓలి పుచ్చుకుని ముసలివాడికి ఇచ్చేసిన ఓ పిల్ల గురించి. దానికి మార్కులు పడతాయో లేదో!

పరీక్షలయ్యాక గైడును జూనియర్‌కు ఇచ్చేసింది. నాటకం మాత్రం నాన్నమ్మ తలగడ పక్కనే ఉంది. ఏడంకాల్లో ఇంకా రెండు మిగిలాయి మరి.