ఊరి పెంట యెవరిది?

మన గ్రామములలో ప్రవేశించు బాటసారికి మొదట కనబడునది గుడియు గాదు, బడియు గాదు. బాట కిరుప్రక్కల నున్న పెంటదిబ్బలు. ఈ మాట పట్టణవాసి యన్నచో మనకు కోపము వచ్చును. మనలో మనము చెప్పుకొనుటకు మాత్రము సంకోచింప బనిలేదు. అనేకుల యిండ్లముందర, మంచినీటి కొళాయికి నాలుగడుగుల దూరములోనే, పేడయు, ఊడ్చిన చెత్తయు, పొయ్యిబూడిదయు కలసి యేడాది పొడుగున కుప్పగా పడియుండును. వైశాఖమాసములో నొకసారి దానిని తవ్వి పొలమునకు తోలుదురు. మరునాటి నుండి ఆ గుంటలోనే క్రొత్తదిబ్బ పెరుగసాగును.

ఈ దిబ్బనుగూర్చి ఆరోగ్యశాఖవా రొకమాట యందురు, వ్యవసాయశాఖవారు వేరొకమాట యందురు. మొదటివారు దానిని మురికి యందురు; రెండవవారు దానినే బంగార మందురు. ఇరువురును నిజమే పలుకుచున్నారు. ఊరిలో నుండునంతకాలము అది మురికి. సరిగా మగ్గి పొలము చేరిననాడు ఎరువు. కావున గ్రామ మారోగ్యముగా నుండుటయు, భూమి సారము చెడకుండుటయు రెండు పనులు గావు, ఒక్కటే పని. ఆ పనిని పంచాయతీమీదనో, సర్కారుమీదనో వదలక, మన సహకార సంఘము తన వ్యవహారములలో నొకటిగా చేపట్టవలయునని మా యభిప్రాయము. కారణములు క్రింద వివరింతుము.

ముందుగా, మన దిబ్బలో మనకు దక్కుచున్నదెంత? నాటు పశు వొకటి దినమునకు సుమారు 10 కిలోల పేడ వేయును. అయితే పశువు విసర్జించు నత్రజనిలో ఇంచుమించు సగము పేడలో నుండదు, మూత్రములో నుండును. ఆ సగము గొడ్లసావిడి నేలలో నింకిపోవుచున్నది, లేక కాలువపాలగుచున్నది. మిగిలిన సగములోను పెక్కుభాగము నిలుచుట లేదు. ఎండకు కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలియును. వానకు కరగి కొంత దిబ్బ క్రిందికి దిగును. అట్లు దిగినది చేరు చోటేది? ఊరిలోని బోరింగు, చేదబావి. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించినయెడల పసిబిడ్డల నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. నైట్రేటు పొలములో మితిమీరి చల్లిన యూరియానుండియు వచ్చును, ఇంటిముందరి దిబ్బనుండియు వచ్చును. బిడ్డకు రెండును ఒకటే. ఇక ఈగల సంగతి చెప్పనక్కర లేదు. వేసవి వేడికి దిబ్బలో పెట్టిన గ్రుడ్డు పది దినములలోపుననే రెక్కల యీగయై మన కంచములోని యన్నముపై వ్రాలును. వానకాలపు విరేచనములకు డాక్టరుకిచ్చు సొమ్మును మనము వ్యవసాయపు ఖర్చులో వ్రాసికొనము. వ్రాసికొన్నచో, దిబ్బ యెంత ఖరీదైన యెరువో తెలియును.

రైతు తెలియక దిబ్బను వాకిట పెట్టుకొన్నా డనుట అన్యాయము. దూరమున వేసిన పెంటను రాత్రికి రాత్రి యింకొకరు బండికెత్తుకొని పోవుదురని భయము. పేడతట్ట నెత్తిన బెట్టుకొని ప్రతియుదయము ఊరి వెలుపలికి నడువవలసినది ఆడువారు. వారికి దూరము భారము. అన్నిటికంటె ముఖ్యముగా, వేయుటకు స్థలము లేదు. ఒకప్పుడు ఊరి చుట్టును పోరంబోకు, మందబయలు, కల్లపుదొడ్లు ఉండెడివి. అవి ఒక్కొక్కటే పట్టాలలోనికి, ఇండ్ల స్థలములలోనికి, తెలిసి కొంత తెలియక కొంత ఆక్రమణలలోనికి పోయినవి. స్థలము చూపింపకయే శుభ్రతనుగూర్చి ఉపన్యసించువారి మాట యెవరు విందురు? వినకపోవుట తప్పుగాదు.

బస్తా యెరువు సంగతి యీ సందర్భమున దాచకుండ మాటలాడవలెను. మన సంఘములు పెక్కింటికి ఎరువుల విక్రయము ముఖ్యవ్యాపారము. అందువలన ఈ లెక్క చెప్పుటకు మనవారికి నోరు రాదు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా నుండును. మంచి పశువులపెంటలో నూటికి అర పాలు మాత్రమే నత్రజని. అనగా అయిదు టన్నుల పెంటలో నుండు నత్రజని, ఒక బస్తాకంటె కొంచె మెక్కువ, అంతే. ఒక మనిషి భుజముమీద మోయు బస్తాను విడిచి, అయిదు టన్నులు బండ్లపై తోలుమన్నచో రైతు నవ్వును. లెక్క నత్రజనితో ముగిసినచో అతని నవ్వు న్యాయమే. కాని అదే పెంటలో ఇంచుమించు అంతే పొటాషు కలదు. మన దేశము వాడు పొటాషు ఎరువు దాదాపు పూర్తిగా విదేశములనుండి వచ్చుచున్నది. జింకు మొదలగు సూక్ష్మపోషకములు కలవు. బస్తా యెన్నటికి నీయలేని జీవపదార్థము కలదు. చల్కా నేలలో వాన వెనుకబడి పదునైదు దినములు గడచినప్పుడు, పెంట తిన్న చేనును తినని చేనును ప్రక్కప్రక్కన చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కర లేదు.

బస్తాను రేపే మానుడని మేము చెప్పుట లేదు. అట్లు చేసిన దేశము మన ప్రక్కనే కలదు. 2021 ఏప్రిలులో శ్రీలంక ప్రభుత్వము రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క పెట్టున నిషేధించెను. బదులు పెంట యెక్కడనుండి వచ్చునో ముందు చూచుకొనలేదు. వరియు, తేయాకును దెబ్బతినెను. రైతులు వీధి కెక్కిరి. ఆ యేడు నవంబరులోనే నిషేధమును సడలింపవలసి వచ్చెను. దీనికి భిన్నముగా మన యింటిదగ్గరి యుదాహరణ మొకటి కలదు. జనగామ జిల్లాలోని ఏనెబావి, సుమారు ఏబది కుటుంబములు గల చిన్నయూరు, 2006లో తాను రసాయనములు వాడని గ్రామమని ప్రకటించుకొన్నది. అది ఒక్కనాటి ప్రతిజ్ఞ కాదు. ముందు పురుగుమందులు మానిరి. పిమ్మట, పెంటయు చెరువుమట్టియు సమకూర్చుకొన్న కొలదిని, ఎరువులు మానిరి. ఊరంతయు కలసి చేసిరి గనుక నిలిచినది. అంత చిన్నయూరిలో సాధ్యమైనది అయిదువందల గడపల యూరిలో అంత సులభముగా సాధ్యమగునని మే మనము. అందుకే గదా సంఘము కావలసినది.

పెంటను మగ్గబెట్టు విధానము క్రొత్తది గాదు. ఆల్బర్టు హోవర్డు దొర 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, మన రైతుల వాడుకలనుండియే నేర్చి, ఒక పద్ధతిని స్థిరపరచెను: చెత్త, పేడ, మూత్రము తడిసిన మన్ను, బూడిద పొరలు పొరలుగా పేర్చి, తడి యారకుండ చూచుచు, మధ్య మధ్య తిరుగవేయుట. మూడునెలలలో నల్లని మాగిన యెరువగును. కాని తిరుగవేయుటకు కూలి కావలెను. 1939 ప్రాంతమున బెంగుళూరులో ఆచార్యగారు చెప్పిన రెండవ పద్ధతిలో తిరుగవేత లేదు. గుంటలో పొరలు నింపి, నేలకు అడుగున్నర యెత్తువరకు తెచ్చి, పైన బురదతో మెత్తి విడువవలెను. ఆరు మొదలు ఎనిమిది నెలలు పట్టును గాని, కూలి మిగులును, ఈగ పుట్టదు, వాసన రాదు. కూలి దొరకని నేటి దినములలో మన కీ రెండవదే తగియున్నది. పది యడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంట ఒక చిన్న కుటుంబమునకు చాలును. కార్తికములో మెత్తిన గుంట మృగశిర కార్తెకు ముందు తవ్వుటకు సిద్ధమగును. వానకాలములో మాత్రము గుంటలో నీరు నిలుచును గనుక మెట్టపై కుప్పగా పేర్చుకొనవలెను.

నేటి దిబ్బ మన తాతలనాటి దిబ్బ గాదని గూడ గుర్తింపవలెను. ఆనాడు దానిలో కుళ్లని వస్తువు కుండపెంకు ఒక్కటియే. ఇప్పుడు ప్లాస్టిక్కు సంచులు, షాంపూ పొట్లములు, మందుసీసాలు, సూదులు, సెల్లులలోని బ్యాటరీలు! ఇవి చేరిన పెంట పొలమునకు తోలుటకంటె తోలకుండుటయే మేలు. నాటువేయు కూలి కాలు కోసికొనును, మేతలోని సంచి తిని గేదె చచ్చును. ఇంటిలోనే రెండు బుట్టలు వేరుగ పెట్టనిదే యే గుంటయు పనికిరాదు. ఈ విషయమున మగవారికంటె ఆడువారితోనే మాటలాడిన ఫల ముండును. సంఘపు సభలో మాత్రము వారు పది మందియైన కనబడరు.

గడ్డి తగులబెట్టుటనుగూర్చి ఒక్కమాట. కోతయంత్రము వచ్చినదాది వరిగడ్డి మడిలో చెల్లాచెదరై పడిపోవుచున్నది. రెండవ పంటకు తొందరపడి అగ్గి పెట్టుచున్నారు. టన్ను గడ్డిలో అయిదారు కిలోల నత్రజని యున్నది. అది దాదాపు పూర్తిగా పొగయై పోవును. పొగ పీల్చువాడు మన ముసలితండ్రియే. ఒకవైపు గుంటలో వేయుటకు చెత్త చాలదనుచు, ఒకవైపు దానికి నిప్పు పెట్టుట మాకు అర్థము గాదు.

ఇక, సంఘ మేమి చేయవలెను? మొదటిది స్థలము. గ్రామపంచాయతీని అడిగి, త్రాగునీటికి దిగువన, ఊరికి మరీ దూరము గాని చోట, ఎకరము భూమి సాధించి, గుంటలకు నంబరులు వేసి సభ్యుల పేర వ్రాయవలెను. నంబరు వేసి పుస్తకములో నెక్కించినచో దొంగతనము భయము తగ్గును. ధాన్యపు బస్తాల లెక్క వ్రాయు గుమాస్తా గుంటల లెక్క వ్రాయలేడా? సావిడిలో నాపరాళ్లు పరచి మూత్రము తొట్టిలోనికి మళ్లించుకొనుటకు, గుంట తవ్వుకొనుటకు చిన్న అప్పు ఈయవలెను. గేదె కొనుట కప్పిచ్చు సంఘము, ఆ గేదె పెంటను నిలుపుట కేల యీయరాదు? పేడను తలపై మోయుట మాన్పి, సంఘపు బండి యొకటి దినము విడిచి దినము వీధులలో తిరుగవలెను. కుటుంబమునకు నెలకింత యని రుసుము పెట్టినను బండి ఖర్చు వచ్చును.

మరియొకటి మరువరాదు. పశువులుండి భూమిలేని సభ్యులు మన గ్రామములలో కలరు. వారి దిబ్బయే అందరికంటె ఊరి నడుమ నుండును, ఏలనన వారికి వేరు చోటు లేదు. వారి పెంటను సంఘము కొలిచి, ఖరీదు కట్టి, ఖాతాకు జమచేసి, కావలసిన రైతునకు అమ్మవలెను. అట్లుకాక వారి దిబ్బలను జరిమానాతో తీయింప జూచుట, బలవంతుని దిబ్బకు మినహాయింపు నిచ్చుట జరిగినచో, ఈ కార్యము మొదటి నెలలోనే చెడును. మరుగుదొడ్ల విషయమునను ఇంతే. రెండు గుంటల మరుగుదొడ్డిలో నొకటి నిండిన పిదప మూసి, రెండేండ్లు విడిచినచో లోపలిది మట్టివలె నగును. వాసన లేదు, పురుగు లేదు, తీసి చేనికి వేయవచ్చును. ఒకే గుంట కట్టి, నిండినంతనే ఒక కులమువానిని పిలిచి దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. నేరము గాకున్నను చేయదగినది గాదు.

ఎరువుల యమ్మకము తగ్గినచో సంఘపు లాభము తగ్గునని కొందరు డైరెక్టరులు శంకింపవచ్చును. కొంత తగ్గునేమో. ఆ లాభము సభ్యుల జేబునుండి వచ్చినదేగాని ఆకాశమునుండి పడినది గాదు. బస్తాలు మూడు కొనువాడు రెండు కొని, అప్పును గడువులోపల తీర్చినచో సంఘమునకు నష్టమా, లాభమా, పద్దులు చూచువారే చెప్పవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని అధ్యక్షులవారిని కోరుచున్నాము. గుంటలు తవ్వుటకు నేల మెత్తగా నుండు దినములు ఆశ్వయుజ కార్తికములే. ఎకరము స్థలము అంతలోపల దొరకనియెడల, ముందు పది కుటుంబములవారు తమ సొంత కల్లములలోనైన మొదలుపెట్టవచ్చును. గుంటకు వేసిన దినము, మెత్తిన దినము, తవ్వినప్పుడు వచ్చిన బండ్లు, వేసిన మడి, పండిన పుట్లు వ్రాసి పంపినచో, ఈ పత్రికలో ప్రకటింతుము. నష్టము వచ్చినను ప్రకటింతుము.