నల్లమల పొగను తేలిగ్గా తీసుకోవద్దు

ఎండలు మొదలయ్యాయంటే నల్లమలలో కార్చిచ్చు మొదలైనట్టే. అది ఆకురాల్చే అడవి. మార్చి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు, మధ్యమధ్య మనిషెత్తు బోదగడ్డి. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ దాదాపు ప్రతిసారీ మనిషి చేతి నుంచే పడుతుంది. ఆర్పకుండా విసిరిన బీడీ కావచ్చు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద పెట్టిన మంట కావచ్చు, తునికి చిగురు బాగా రావాలనో పశువులకు కొత్త గడ్డి మొలవాలనో అంటించింది కావచ్చు. ఎన్ని ఎకరాలు కాలాయో ఏటా చెప్పుకుంటాం. ఆ పొగ ఎవరి ఛాతీలోకి వెళ్లిందన్న మాట మాత్రం ఎక్కడా వినపడదు. ఈ వేసవిలోనైనా వినపడాలి.

అడవి అంచు ఊళ్లలో చాలామంది కార్చిచ్చు పొగను పొయ్యి పొగలాగే చూస్తారు. కాసేపు కళ్లు మండి పోతుందిలే అనుకుంటారు. కంటికి కనిపించే బూడిద ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు ముప్పు కనిపించని నలుసులది. 2.5 మైక్రాన్లకన్నా సన్నవి, అంటే తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతుకు మించనివి, ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సన్నవి నెత్తురులోకీ దిగుతాయి. అందుకే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎగదన్నడంతో ఇది ఆగదు. గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటు ముప్పు పెరుగుతుంది. గర్భిణులకు నెలలు నిండకముందే కాన్పు కావడానికి, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికి అవకాశం ఎక్కువవుతుంది. ఈ నలుసులు ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశం పెట్టుకున్న హద్దు 60. దట్టంగా పొగ కమ్మిన ఊళ్లో ఆ రెండో హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మంట కనుచూపు మేరలో లేదు కదా అన్న ధీమా కూడా వద్దు. 2023 జూన్‌లో కెనడాలోని క్యూబెక్ అడవుల పొగ వందల కిలోమీటర్లు దాటి వచ్చి న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగుకు తిప్పింది. న్యూజెర్సీలోని మన తెలుగు కుటుంబాలూ ఆ పొగలోనే గడిపాయి. అక్కడ గాలి ఎంత చెడిందో ఎప్పటికప్పుడు చెప్పే ఏర్పాటు ఉంది. మన దగ్గర గాలి నాణ్యతను కొలిచే యంత్రాలు ఎక్కువగా నగరాల్లో, పారిశ్రామిక ప్రాంతాల్లో ఉన్నాయి. నల్లమల అంచున దోర్నాలలోనో మన్ననూరులోనో ఉండే తల్లి తన బిడ్డను బయటికి పంపాలా వద్దా అన్నది తన కళ్లతో, ముక్కుతో తేల్చుకోవాల్సిందే. కొండ రోజూ కనిపించేంత స్పష్టంగా కనపడకపోతే, గాలిలో కమురు వాసన వస్తుంటే, ఆ రోజు గాలి చెడినట్టే లెక్క.

తెల్లవారుజామున మరీ జాగ్రత్త. పగలు వేడికి పొగ పైకి లేస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక పైన ఉన్న వెచ్చటి గాలి కుండ మీద మూకుడులా కమ్ముకుని పొగను లోయలోనే అణచిపెడుతుంది. మంట ఆరినా దుంగలు రోజుల తరబడి రగులుతూ పొగ కక్కుతూనే ఉంటాయి. చల్లగా ఉంది కదా అని ఆ వేళ నడకకు, పరుగుకు వెళ్లకండి.

ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుంటే చాలన్న నమ్మకం ఊరూరా ఉంది. ఆ సన్నని నలుసులను అది ఆపదు. ఎన్95 మాస్కు కావాలి, అదీ ముక్కు దగ్గర, చెంపల దగ్గర సందు లేకుండా బిగిసి ఉండాలి. ఎయిర్ కూలర్ బయటి గాలినే లాగి గదిలోకి వదులుతుంది కాబట్టి పొగ ఉన్నంతసేపూ ఆపేయండి. మూసిన గదిలో దోమల చక్రం, అగరొత్తులు, కట్టెల పొయ్యి వెలిగిస్తే బయటి పొగకు లోపలి పొగ తోడవుతుంది. అలాగని రేకుల ఇంట్లో మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ బిగించుకుంటే పొగ కన్నా ముందు వడదెబ్బ తగులుతుంది. పొగ దట్టంగా ఉన్న గంటల్లో మూయండి, తేలగానే తెరవండి. ఇల్లు మరీ ఉడికిపోతుంటే పిల్లల్ని, పెద్దల్ని కాస్త చల్లటి, పొగ తక్కువున్న చోటికి చేర్చండి.

అడవి లోపలి చెంచుల ఆవాసాలైన పెంటల్లో ఈ సలహాలు చెప్పి చేతులు దులుపుకుంటే అన్యాయం. గడ్డి గుడిసెకు ఏ తలుపు మూస్తారు? అక్కడి గర్భిణులను, పసిపిల్లలను, ముసలివాళ్లను పొగ తగ్గేదాకా సురక్షితమైన భవనంలో ఉంచే బాధ్యత ప్రభుత్వానిదే. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు చూసిన మంటల సమాచారాన్ని అటవీ సిబ్బంది ఫోన్లకు పంపుతోంది. అదే కబురు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఆశా కార్యకర్తకు కూడా వెంటనే చేరాలి. ఇన్‌హేలర్లు, నెబ్యులైజర్లు, ఆక్సిజన్ ముందే సిద్ధంగా ఉండాలి. పచ్చి కొమ్మలతో మంటలను కొట్టే ఫైర్ వాచర్లను మాస్కు లేకుండా అడవిలోకి పంపకూడదు.

శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం నడిచే భక్తులకు ఒక మాట. దారిలో పొయ్యి పెట్టకండి. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే మందులు మూటలో అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి. ముందున్న లోయలో పొగ నిండి ఉంటే అక్కడే ఆగి సిబ్బందికి చెప్పండి.

నడుస్తున్నా, ఇంట్లో ఉన్నా, ఎవరికైనా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినా, పెదవులు నీలంగా మారినా, పసిబిడ్డ పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతూ ఊపిరి తీస్తున్నా, తెల్లారేదాకా చూద్దామనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.